గుప్పెడు రొయ్యల చదువు

జోగమ్మ గురించి చెప్పాలంటే ముందు నా పరువు కొంత పోగొట్టుకోక తప్పదు. ఈ వయసులో దాన్ని దాచుకుని చేసేదేముంది గనక, చెప్పేస్తాను.

1983లో నేను విశాఖపట్నం పాతూళ్లో వయోజన విద్యా కేంద్రం నడిపేదాన్ని. నా పేరు గౌరీశ్వరి అయినా, పేటలో అందరికీ పంతులమ్మనే. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. లోకాన్ని బాగుచెయ్యడానికి నా అంత సమర్థురాలు మరొకరు లేరని గట్టి నమ్మకం. నా దగ్గర ఒక నల్లబల్ల, రెండు డజన్ల పలకలు, ముప్పై వాచకాలు ఉండేవి. హాజరు పట్టీలో ముప్పైమంది ఆడవాళ్ల పేర్లు ఉండేవి. సాయంత్రం నాలుగింటికి చాప మీద కూర్చునేవాళ్లు మాత్రం ఐదుగురు. ఆ ఐదుగురిలో ఇద్దరు మా హాల్లో ఫ్యాను ఉందని వచ్చేవాళ్లు. "పలక, వల, పడవ" అని నేను గొంతు చించుకుంటుంటే వాళ్లు గోడకు చేరబడి హాయిగా గుర్రు పెట్టేవారు.

మిగిలినవాళ్లని ఎందుకు రావడం లేదని అడిగితే ఒళ్లు నొప్పులట, కళ్లు మంటలట, అక్షరాలు బుర్రకెక్కవట. వాళ్లలో ఎక్కువమంది ఫిషింగ్ హార్బరు పక్కన రొయ్యల షెడ్డులో పనిచేసేవాళ్లు. సరే, అక్కడికే వెళ్లి నలుగురినీ దులిపేద్దామని ఒక శనివారం పొద్దున్న బయలుదేరాను.

తెల్లవారుతూనే బోట్లు వచ్చేవి. ఐసులోంచి తీసి కుమ్మరించిన రొయ్యల గుట్టల చుట్టూ నలభైమంది ఆడవాళ్లు పీటలు వేసుకుని కూర్చుని, తల తుంచి, పెంకు ఒలిచి, బేసిన్లలో వేసేవారు. బేసిను నిండితే మేస్త్రీ తూకం వేసి చీటీ ఇస్తాడు. ఎన్ని బేసిన్లు నింపితే అంత కూలి. నలభైమంది ఆడవాళ్లు ఒక్క చోట చేరారంటే చెవులు చిల్లులు పడే గోల ఉంటుందనుకున్నాను. గుమ్మంలో అడుగుపెట్టేసరికి షెడ్డంతా నిశ్శబ్దం. పెంకులు ఒలిచే చప్పుడు తప్ప ఒక్క గొంతే వినిపిస్తోంది.

నడిమధ్య బోర్లించిన చెక్కపెట్టె మీద ఒక బక్కపలచటి మనిషి కూర్చుని, వారపత్రికను మొహానికి అడ్డంగా ఎత్తిపట్టుకుని చదువుతోంది. ఆవిడే జోగమ్మ. యాభైకి ఒకటి రెండేళ్లు తక్కువ ఉంటాయేమో. మనిషి ఎంత సన్నమో గొంతు అంత బలం.

ఆ రోజుల్లో మా ఊళ్లో టీవీ ఉన్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సీరియలంటే వారపత్రికలో వచ్చే నవలే. అప్పుడు నడుస్తున్నది సౌదామిని అనే టైపిస్టు కథ. ఆమె మొగుడు ఓడలో పనిచేస్తాడు. అతను రాసే ఉత్తరాలన్నీ అత్తగారు దాచేస్తుంది. మొగుడు తనను వదిలేశాడనుకుని ఆ పిల్ల కుమిలిపోతుంటుంది. ఓడలు వచ్చిపోయే ఊరు మాది. ఆ షెడ్డులో ఇలాంటి కథకు ఏడవని ఆడది లేదు.

ఇక నా పరువు సంగతి. సీరియళ్లు చదివితే ఆడవాళ్ల బుర్రలు పాడవుతాయని నేను క్లాసులో వారానికోసారైనా ఉపన్యాసం దంచేదాన్ని. ఇంటికెళ్లి అదే పత్రికను వాచకంలో పెట్టుకుని చదివేదాన్ని. సౌదామిని కోసం నేనూ ఏడ్చాను. అందుకే ఆ వారం భాగం నాకు బాగా తెలుసు. జోగమ్మ చదువుతున్నది అదే, కానీ అంతకంటే బాగుంది. పుస్తకంలో అత్తగారు కోడల్ని మూడు ముక్కలే అంటుంది. జోగమ్మ నోట అదే అత్తగారు పావుగంట సేపు, అచ్చం మా పేట భాషలో, కోడలి ఏడు తరాల వాళ్లనీ పేరు పేరునా తిట్టింది. చదివినదాన్ని వినేవాళ్లకు అందేలా విడమరిచి చెబుతోంది కాబోలు, శిక్షణలో మాకు చెప్పిన పద్ధతి ఇదే కదా అని మురిసిపోయాను. అనుమానం రావలసిన చోట మురిసిపోవడం నాకు మొదటినుంచీ అలవాటు.

ఇంకో వింత కూడా చూశాను. జోగమ్మ ఒక్క రొయ్యనూ ముట్టుకోవడం లేదు. అయినా ఆమె కాళ్ల దగ్గరున్న బేసిను నిండుతోంది. తమ బేసిను నిండినవాళ్లు లేచి మేస్త్రీ దగ్గరికి పోతూ, అందులోంచి ఒక గుప్పెడు తీసి జోగమ్మ బేసినులో వేసి వెళుతున్నారు. నలభైమంది తలో గుప్పెడూ వేస్తే ఆమె కూలి గిట్టుబాటయ్యేది. పత్రిక కూడా అందరూ కలిసే కొనేవారు. రోజుకొక సీరియలు, శనివారం మాత్రం సౌదామిని. నాలుగేళ్లుగా అక్కడ అదే కట్టుబాటు.

చదువు అయ్యాక నేను జోగమ్మ దగ్గరికి వెళ్లి, అందరూ వినేలా ఆకాశానికెత్తేశాను. "నీలాంటి మనిషే నాకు కావాలి. రేపటినుంచి నా క్లాసుకి రా. నువ్వు చదివి వినిపిస్తే వీళ్లంతా నీ వెనకే వస్తారు," అన్నాను. అని ఊరుకోవచ్చు కదా. సంచిలోంచి వాచకం తీసి, మొదటి పాఠం తెరిచి, ఆమె చేతిలో పెట్టాను. "ఏదీ, ఈ నాలుగు లైన్లూ చదువు."

జోగమ్మ వాచకం వైపు చూసింది. నా వైపు చూసింది. ఆమె మొహంలో రంగు మారడం నాకు కనిపించింది గానీ అర్థం కాలేదు.

"ఇందులో కథేదమ్మా?" అంది గట్టిగా, షెడ్డులో వాళ్ల వైపు తిరుగుతూ. "ఓలే, పలకంట, వలంట. పొద్దస్తమానం సూసే వలని మల్లీ పుస్తకంలో కూడా సూడాలేటే?"

షెడ్డంతా పగలబడి నవ్వింది. ఆమె వాచకాన్ని మూసి నా సంచిలో కుక్కేసింది. అవమానంతో నా చెవులు వేడెక్కిపోయాయి. ఇంటికి వచ్చేదాకా దారంతా ఆవిడను మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

మర్నాడు మధ్యాహ్నం జోగమ్మ మా ఇంటికి వచ్చింది. చేతిలో అడ్డాకు పొట్లంలో కాసిని రొయ్యలు. కూర్చోమన్నా కూర్చోలేదు. వీధి తలుపు తనే దగ్గరగా వేసింది.

"పంతులమ్మా, నిన్న నిన్ను నలుగుర్లో నవ్వులపాలు సేసినాను. తప్పే. మరేటి సెయ్యను. నాకు సదువు రాదు."

నాకు అర్థం కాలేదు. "చదువు రాకపోవడమేమిటి? నేను విన్నాను కదా."

"ఒక్క అచ్చరం కూడా రాదు. నాను సదవను. సెప్తాను."

అప్పుడు నిలబడే మొత్తం చెప్పింది. వాళ్ల పక్క వాటాలో ఫాతిమా అనే అమ్మాయి ఉండేది. టైలరుగారి కూతురు, తెలుగు మీడియంలో పదో తరగతి ప్యాసైంది. రోజూ సాయంత్రం ఫాతిమా ఒక సీరియలు పైకి చదివేది. ఆమె పిల్లను ఒళ్లో వేసుకుని జోగమ్మ వినేది. ఒక్కసారి వింటే చాలు, జోగమ్మకు మొత్తం నిలిచిపోయేది. మర్నాడు పత్రికను మొహానికి అడ్డం పెట్టుకుని, విన్నది విన్నట్టు, తను కలిపింది కలిపినట్టు, షెడ్డులో చెప్పేసేది. కళ్లు అక్షరాల వెంట కదలడం లేదని ఎవరూ కనిపెట్టకూడదనే ఆ అడ్డం.

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. "ఎందుకమ్మా ఇంత నాటకం?" అన్నాను.

ఆమె రెండు చేతులూ నా ముందు చాపింది. పద్నాలుగేళ్లు ఐసునీళ్లలో నానిన చేతులు అవి. రొయ్య ముల్లు గుచ్చుకున్న చోటల్లా చర్మం పగిలి తెల్లబడి ఉంది. రెండు గోళ్లు లేవు. కుడిచేతి చూపుడువేలు మడత పడదు. మళ్లీ ఐసులో చెయ్యి పెడితే ఆ వేలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు నాలుగేళ్ల కిందటే చెప్పాడట. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆ పని తప్ప మరో పని తెలియదు. అప్పుడు తట్టిందట ఈ ఉపాయం. "మా అయ్య నాకు సదువు సెప్పించినాడు, నాను కథలు సదువుతాను, మీరు నాకు తలో గుప్పిడు ఎయ్యండి" అని షెడ్డులో వాళ్లకు చెప్పింది.

"ఇప్పుడు ఫాతిమా ఎల్లిపోతంది," అంది జోగమ్మ. "ఆల్లాయనికి ఉక్కు ఫ్యాక్టరీ కట్టేకాడ వెల్డరు పని దొరికినాది. దీపావళి ఎల్లగానే గాజువాక కాపరం. ఇంక మూడు నెల్లుంది. సదువు రాని మొకం సదువుతన్నాదని తెలిస్తే ఆల్లు నా మొకాన ఉమ్మేస్తారు. ఉమ్మితే తుడుసుకుంతాను. గుప్పిడెయ్యడం మానేస్తే నానెలగ బతకాల?"

"క్లాసుకి రా, నేర్పుతాను," అన్నాను.

"క్లాసుకొస్తే అందరికీ తెలిసిపోదేటి? మీ ఇంటికొస్తాను. రొయ్యలమ్మడానికి వస్తన్నాననుకుంతారు."

అలా మొదలైంది. ఆ మూడు నెలలూ మా ఇంట్లో వారానికి అయిదు రోజులు రొయ్యల కూరే. డబ్బులిస్తే తీసుకునేది కాదు. మా అమ్మకు రొయ్య అంటేనే విసుగు పుట్టేసింది.

నేను ఓనమాలతో మొదలుపెట్టాను. అక్షరం రాకుండా మాట ఎలా వస్తుంది, మాట రాకుండా వాక్యం ఎలా వస్తుంది? నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఆ మడత పడని వేలితో ఆమె బలపం పట్టుకోవడానికే వారం పట్టింది.

"'అ'తో ఏటవుతాది పంతులమ్మా?"

"అమ్మ."

"అమ్మ నాకు ఎరికే. తరవాతేటి?"

"ఆవు."

"ఆవూ ఎరికే. నాకు ఎరికనేంది ఎప్పుడు సెప్తావు?"

నాకు ఒళ్లు మండిపోయేది. గొంతు పెంచితే ఆమె కూడా పెంచేది. రెండో వారంలో ఒకరోజు ఆమె వాచకం తీసుకురాలేదు. కిందటి శనివారం పత్రిక తెచ్చి నా ముందు పడేసింది. "ఇదంతా నాకు నోటికొచ్చు. ఇందులో సౌదామిని అని ఎక్కడుందో సూపించు. ఆ పిల్ల పేరు ఎలగుంటాదో సూడాల."

ఆ రోజు విసుగులో, పీడా పోతుందని చూపించాను. ఆమె ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత బియ్యంలో రాళ్లు ఏరినట్టు పేజీ పై నుంచి కిందికి వెతకడం మొదలుపెట్టింది. "ఇదిగో, ఇక్కడుంది. ఇక్కడా ఉంది. ఓలమ్మా! ఈ పేజీ నిండా ఇదే ఉంది పంతులమ్మా!"

జోగమ్మ జీవితంలో నేర్చుకున్న మొదటి అక్షరం 'సౌ'. మా వాచకంలో అది ఎక్కడో చివరి పాఠాల్లో వచ్చేది. ఇది పద్ధతి కాదని నేను గోలపెట్టాను. వింటేగా. సౌదామిని దొరికాక అత్తగారు ఎక్కడుందో వెతికింది. అత్తగారు దొరికాక ఆ అత్తగారు అన్న మాటలు వెతికింది. తరవాత వచ్చే వాక్యం ఏమిటో ఆమెకు ముందే తెలుసు. అది కాగితం మీద ఎలా కనిపిస్తుందో చూడడమొక్కటే మిగిలింది. నెల తిరిగేసరికి ఆమెకు 'కన్నీళ్లు', 'గుండె', 'ద్రోహం' వచ్చేశాయి. 'ఉప్పు' రాలేదు. సీరియల్లో ఎవరూ వంట చెయ్యరు మరి.

నేను ఓడిపోయానని ఒప్పుకోవడానికి నాకు ఇంకో రెండు వారాలు పట్టింది. ఒప్పుకున్నాక మాత్రం వాచకాన్ని అటక మీద పెట్టేశాను. నా ఐదుగురు విద్యార్థినులకూ పాత పత్రికలు పంచాను. ఫ్యాను కోసం వచ్చే ఇద్దరూ ఆ రోజే మొదటిసారి పూర్తిగా మెలకువగా ఉన్నారు. చదువంటే ముందు ఆకలి పుట్టాలని, ఆ ఆకలి మనం పెట్టేదాని మీదే పుట్టాలని పట్టుబట్టకూడదని, నాకు శిక్షణ ఇచ్చినవాళ్లు చెప్పలేదు. ఒక రొయ్యల షెడ్డు మనిషి నేర్పింది.

అంతా బాగానే ఉందనుకుంటున్నంతలో కొత్త చిక్కొచ్చిపడింది. ఒకరోజు ఆమె ఎప్పుడూ వినని కథ ఒకటి ఇచ్చి చదవమన్నాను. జోగమ్మ మొదటి రెండు మాటలూ కూడబలుక్కుని, ఆ తర్వాత గడగడా చదువుకుపోయింది. నాకు ఒళ్లు పులకరించింది. తీరా వంగి చూస్తే, అందులో ఉన్నది ఒకటి, ఆమె చదువుతున్నది ఒకటి.

"జోగమ్మా, అందులో అలా లేదు. ఆ పిల్ల పారిపోలేదు. ఇంట్లోనే ఉంది."

"ఉంతే ఎలగ? అన్ని మాటలు పడ్డాక ఏ ఆడది ఇంట్లో ఉంతాది? ఎలిపోవాల."

"వెళ్లిపోవాలో వద్దో రాసినవాళ్ల ఇష్టం. నువ్వు ఉన్నది చదువు."

నాలుగేళ్లు నోటితోనే కథ నడిపిన మనిషి ఆమె. రెండు మాటలు దొరికితే చాలు, మిగిలిన కథ తనంతట తనే పరిగెత్తేది. తను చదువుతోందో కల్పిస్తోందో ఆమెకే తెలిసేది కాదు. చివరికి ఒక పోస్టుకార్డు తీసుకుని, చదివే మాట తప్ప తరవాతవన్నీ కనిపించకుండా మూసిపెట్టాను. కార్డును ఒక్కో మాట చొప్పున జరుపుతూ చదవమన్నాను. గడగడ పోయింది. నత్తనడక మిగిలింది. చెమటలు కక్కుకుంటూ గంటకు అరపేజీ చదివేది. కానీ ఆ అరపేజీలో ఉన్నదంతా నిజంగా కాగితం మీద ఉన్నదే.

దీపావళి వెళ్లింది. ఒక శుక్రవారం పొద్దున్న ఫాతిమా సామాను లారీకెక్కించి గాజువాక వెళ్లిపోయింది. పోతూ పోతూ జోగమ్మను కౌగిలించుకుని, "జోగత్తా, నువ్వు చెప్పిన కథలే నేను చదివినవాటికంటే బాగుంటాయి," అని ఏడ్చిందట. ఈ సంగతి నాకు చెబుతూ జోగమ్మ కూడా ఏడ్చింది.

నాకు భయం పట్టుకుంది. అరపేజీ చదువుతో నాలుగు పేజీల సీరియలు షెడ్డులో ఎలా నెగ్గుతుంది? ఆ సాయంత్రమే నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. "ఇప్పటికి ఫాతిమా చదివినట్టు నేను చదివేస్తాను, విను. రోజూ వచ్చి చదువుతాను. నీకు చదువు పూర్తిగా వచ్చేదాకా ఇలాగే నడిపిద్దాం," అన్నాను.

జోగమ్మ పత్రిక నాకు ఇవ్వలేదు. "రేపు నీకు పెల్లయిపోయి ఎలిపోతే? మల్లీ ఇంకోలిని ఎతుక్కోవాలా? నాలుగేల్లు గుండెల్లో దడతో బతికినాను పంతులమ్మా. ఇంక నావల్ల కాదు. ఏటయితే అదవుతాది."

"కూలి పోతుందే!"

"పోతే పోతాది," అంది.  

శనివారం నేనూ షెడ్డుకు వెళ్లి ఓ మూల నిలబడ్డాను. ముందు వారం కథ మంచి పట్టుమీద ఆగింది. సౌదామినికి బియ్యం డబ్బా అడుగున మొగుడి ఉత్తరాలన్నీ దొరికాయి. మొదటి ఉత్తరం విప్పింది. అందులో ఏముందోనని ఆ నలభైమందీ వారం రోజులుగా కొట్టుకుంటున్నారు. జోగమ్మ పెట్టె మీద కూర్చుంది. ఆ రోజు పత్రికను మొహానికి అడ్డం పెట్టుకోలేదు. ఒళ్లో పెట్టుకుని, కార్డు ఆనించి, వంగి చూస్తూ మొదలుపెట్టింది.

"సౌదామిని... వణు...కు...తున్న... చేతు...లతో..."

ఒకరిద్దరు తలెత్తి చూశారు. అసిరమ్మ అని, ఆ షెడ్డులో అందరికంటే నోరు పెద్దది, "ఏటే జోగీ, గొంతు పట్టీసిందా?" అంది.

జోగమ్మ కార్డు జరిపింది. ఇంకో మాట. ఇంకో మాట. పది నిమిషాలైనా సౌదామిని ఇంకా ఉత్తరం మడతలు విప్పుతూనే ఉంది.

"ఉత్తరంలో ఏటుందో బేగి సెప్పవే!"

"ఇయ్యాల దీనికేటయిందే?"

మెల్లగా కబుర్లు మొదలయ్యాయి. ఎవరో పక్కవాళ్ల కోడలి సంగతి ఎత్తారు. బేసిను నిండినవాళ్లు లేచి జోగమ్మ పక్కనుంచే మేస్త్రీ దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఒక్కరూ ఆగడం లేదు. ఎనిమిదిమంది వెళ్లేదాకా లెక్కపెట్టాను. ఆమె బేసిను అడుగు తళతళలాడుతూ కనిపిస్తూనే ఉంది. నాకు ఉండబట్టలేదు. వెళ్లి చెయ్యి చాపాను. "ఇలా ఇవ్వు, నేను చదువుతాను."

జోగమ్మ నా చెయ్యి తోసేసింది. పత్రిక మూసి, లేచి నిలబడింది.

"ఓలే, ఇనండి. నాకు సదువు రాదు. నాలుగేల్లబట్టీ ఫాతిమా సదివితే ఇనీసి, మీకు సెప్పినాను. మీరందరూ నాను సదువుతన్నాననుకున్నారు. ఇప్పుడు ఫాతిమా నేదు. మూడు నెల్లబట్టీ పంతులమ్మకాడ నేర్సుకుంతన్నాను. ఇయ్యాల సదివిందే నా సదువు. ఇంతే వచ్చు."

ఎవరి చేతులూ కదలలేదు. రొయ్యల మీద ఐసు కరిగి నేల మీద కారుతోంది. 

ముందు అసిరమ్మే నోరు విప్పింది. "మరి సౌదామిని ఆ అత్తముండని సెంప మీద కొట్టినాదన్నావు?"

"అది పుస్తకంలో నేదు. నానే కొట్టించినాను."

"నేదా?" అసిరమ్మ నిజంగానే బాధపడింది. "అదే బాగున్నాదే."

ఎవరో కిసుక్కున నవ్వారు. జోగమ్మ నవ్వలేదు. "మీ గుప్పిల్లు నాలుగేల్లు అన్నాయంగా తిన్నాను. నన్ను ఏటనుకున్నా పడతాను," అంది. 

అసిరమ్మకు కోపమొచ్చింది. "సదివినావని ఏసినామనుకున్నావేటే ఎర్రిమొకమా? నీ సేతులు మాకు అగుపడనేదేటి? ఆ ఏలితో నువ్వు ఇంక ఒలవనేవని తెల్దేటి? ఉత్తినే ఇస్తే నువ్వు పట్టవు. కథలు సదువుతానన్నావు, సరే సదవమన్నాం. నువ్వు కథ సెప్పినా సెప్పకపోయినా ఏసీవోల్లమే. ఇయ్యాల ఆలీసమయిందని కోపమొచ్చి ఏసినాం కాదు గానీ, రేపట్నించి సదవకపోయినా పరవానేదు. అలగే కూకో. ఏస్తాం."

నా కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. అమ్మయ్య, గండం గడిచింది, ఈమె బతుకుకు ఇంక భయం లేదనుకున్నాను. నేను అనుకున్నది ఏది సరైంది గనక. జోగమ్మ మొహం కందగడ్డలా అయిపోయింది. తిట్టించుకోవడానికి సిద్ధపడి వచ్చిన మనిషి, ఈ మాటకు మాత్రం సిద్ధపడలేదు.

"నా సేతులు సూసి ఏసినారా? నాలుగేల్లూ?" అంది. "అయితే నాను ముష్టి తిన్నానన్నమాట. నాకొద్దు. అచ్చరానికి అచ్చరం కల్లు పోయేలాగ నేర్సుకున్నాను నాను. సదివినందుకు ఎయ్యండి. నేకపోతే ఒక్క రొయ్య కూడా ఎయ్యకండి."

మళ్లీ కూర్చుంది. పత్రిక తెరిచింది. కార్డు పెట్టింది.

ఈసారి ఎవరూ కబుర్లాడలేదు. "ప్రియ...మైన... సౌదా...మినికి" అని ఉత్తరం మొదలయ్యేసరికి షెడ్డులో చేతులు కూడా మెత్తగా కదులుతున్నాయి. మధ్యలో 'ప్రాయశ్చిత్తం' అనే మాట దగ్గర ఆమె బండి ఇసుకలో దిగబడింది. అందించబోయిన నన్ను అసిరమ్మ కసిరేసింది. "నువ్వు సెప్పకు పంతులమ్మా. దాన్ని సదవనీ." మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కింది. ఆ ఉత్తరం అచ్చులో పదిహేను లైన్లుంటుంది. అది ముగిసేసరికి మధ్యాహ్నమైంది. "నీ దగ్గర... నుంచి... ఒక్క... జవా...బైనా... రాలేదు" అని జోగమ్మ ఒక్కొక్క మాటే తవ్వి తీస్తుంటే, నేను అంతకు ముందు రోజు గబగబా చదివి అవతల పడేసిన ఆ వాక్యం నన్ను మొదటిసారి ఏడిపించింది. ఆమె దానికి ఒక్క మాట కూడా కలపలేదు.

మేస్త్రీ కేక పెట్టాడు, తూకాలకు రమ్మని. జోగమ్మ పత్రిక మూసి, కొంగుతో మొహం తుడుచుకుంది. అసిరమ్మ తన బేసిను పట్టుకుని లేచింది. జోగమ్మ దగ్గర ఆగి, ఒక గుప్పెడు తీసింది. దాని వంక చూసి, అందులో సగం తిరిగి తన బేసినులోనే వేసుకుని, మిగిలిన సగం జోగమ్మ బేసినులో వేసింది.

"ఇదేటే, సగమే ఏసినావు?" అంది జోగమ్మ.

"సగం పేజీయే సదివినావు కదేటి. పేజీ అంతా సదివిన్నాడు గుప్పిడంతా ఏస్తాను."

జోగమ్మ తన బేసినులోకి చూసింది. తలెత్తి అసిరమ్మను చూసింది. "సరే," అంది. "నాయంగానే ఉంది."

వెనకాల వచ్చినవాళ్లు కూడా తలో సగం గుప్పెడూ వేసి వెళ్లారు. ఒకావిడ జాలిపడి నిండా వెయ్యబోతే జోగమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, సగం వెనక్కి ఇచ్చేసింది. ఆ రోజు ఆమె బేసిను సగానికి మించి నిండలేదు. దాన్ని తనే నడుమున పెట్టుకుని మేస్త్రీ దగ్గరికి వెళ్లి, తక్కువ తూస్తున్నావంటూ అతనితో పెద్ద దెబ్బలాట పెట్టుకుంది.